తెల్ల ఓడ

మా బాగేపల్లి ప్రాంతంలో సముద్రం చూసినవాళ్లు తక్కువ. మాది చెరువులూ బోరుబావుల సీమ. అయినా మా ఇంట్లో ఒక ఓడ ఉండేది, మా అవ్వ మాటల్లో. మహాలయ అమావాస్య నాడు పెద్దలకు విస్తళ్లు వేసేటప్పుడు ఒక ఆకు ఎక్కువ వేసేది. "తెల్ల ఓడ వచ్చిందంట నాయనా, మా అన్న అందులో రాలేదంట. ఇది బస్రాలో ఉండిపోయినాయనకు" అనేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కంచరగాడిదలు తోలే పనికి అవ్వ అన్న బస్రా పోయాడు. ఆయనతో పోయిన పక్క ఊరి మనిషి జబ్బుపడి, తెల్ల ఓడలో బొంబాయి చేరి, అక్కణ్ణుంచి రైల్లో వచ్చి కబురు చెప్పాడు. ఓడ తెల్లగా ఎందుకుంటుంది, ఇదంతా అవ్వ కల్పన అనుకునేవాణ్ణి.

పెద్దయ్యాక చదివితే తెలిసింది. 1907 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఆసుపత్రి ఓడకు తెల్ల రంగే వేయాలి. సైన్యానిదైతే ఆకుపచ్చ పట్టె, దాతలు సమకూర్చినదైతే ఎర్ర పట్టె. శత్రువు దూరం నుంచే గుర్తుపట్టి వదిలేయాలని ఆ ఏర్పాటు.

అలాంటి ఓడను మన పక్కనున్న మద్రాసు కూడా ఒకటి సమకూర్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. లార్డ్ పెంట్లండ్ గవర్నరుగా ఉన్న ఆ రోజుల్లోనే, మద్రాసు యుద్ధనిధి డబ్బుతో 'టాండా' అనే కొత్త ప్రయాణికుల ఓడను ఆసుపత్రిగా మార్చి 'మద్రాస్' అని పేరు పెట్టారు. రమారమి 7,000 టన్నుల ఓడ. తూర్పు ఆఫ్రికాకూ, మెసపొటేమియాకూ తిరిగింది.

మెసపొటేమియాలో అలాంటి ఓడల అవసరం ఎంతో ఉండేది. 1915 నవంబరులో టెసిఫాన్ యుద్ధం తరువాత గాయపడ్డవాళ్లను నది పడవల్లో కుక్కి బస్రాకు తెచ్చారు. 'వారెలా' అనే ఆసుపత్రి ఓడ మీది డాక్టరు మేజర్ కార్టర్ వాళ్ల దుస్థితి చూసి పైవాళ్లకు చెప్పాడు. నోరు మూసుకొమ్మని ఆయననే బెదిరించారు. 1917లో విచారణ సంఘం ఆయన మాటే నిజమని తేల్చింది. మా ఊరికి కబురు తెచ్చిన మనిషి ఎక్కింది 'మద్రాసో', 'వారెలానో' చెప్పే కాగితం మా దగ్గర లేదు.

యుద్ధం ముగిశాక 'మద్రాస్' మళ్లీ 'టాండా' అయింది. 1944 జులై 15న మంగళూరుకు వాయవ్యంగా, జర్మన్ జలాంతర్గామి యు-181 దాన్ని ముంచేసింది. అప్పటికి అది ఆసుపత్రి కాదు. పటంలో ఆ చోటి నుంచి తూర్పుకు గీత గీస్తే రమారమి మన చిక్కబళ్లాపురం, చింతామణి మీదుగా పోతుంది.

బస్రాలో ఒక స్మారకం కట్టారు. సమాధి దొరకని 40,000 మందికి పైగా మృతుల కోసం. బ్రిటిష్ వాళ్ల పేర్లు చెక్కారు, మన అధికారుల పేర్లూ చెక్కారు. మన మామూలు సిపాయిలకు మాత్రం పటాలం పేరు కింద ఒక అంకె వేశారు. 2021లో యుద్ధ సమాధుల సంఘం ఇలాంటి భేదాలను ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

అది చదివి నాకు కోపం వచ్చింది. బ్యాంకులో ఇన్నేళ్లుగా పేరూ తండ్రి పేరూ చూడకుండా ఒక్క ఖాతా తెరవనిచ్చినవాణ్ణి కాను. మనిషికి బదులు అంకె వేయడమేమిటి? మా వాడి పేరు ఏ జాబితాలోనైనా ఉందేమో వెతుకుదామని కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. మొదటి గడిలో పేరు రాయాలి. అక్కడే కలం ఆగిపోయింది.

అవ్వ ఎప్పుడూ "మా అన్న" అనే అంది. ఆయన పేరేమిటని నేనెన్నడూ అడగలేదు. మా నాయనా అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఇద్దరూ లేరు. బస్రా రాతి మీద అంకె వేసినవాళ్లను తప్పుపట్టే ముందు నన్ను నేను ఏమనుకోవాలి?

అవ్వ పోయాక మా ఇంట్లో ఆ ఎక్కువ ఆకు వేయడం మానేశాం. మొన్నటి అమావాస్యకు మళ్లీ వేశాను. పేరు చెప్పవలసిన చోట "అవ్వ అన్నకు" అన్నాను. పక్కనే ఉన్న నా కొడుకు "ఆయన పేరేంటి నాయనా?" అన్నాడు.

వాడైనా అడిగాడు.