కుక్కపిల్లకు నామకరణము

బిడ్డ పుట్టిన పదునొకండవనాడు బియ్యములో పేరు వ్రాసి, చెవిలో మూడుమారులు పలికి నామకరణము చేయుట మన యిండ్లలో నాచారము. ఆ పేరునకై తాతలును, నక్షత్రములును, ఇష్టదైవములును ముందుగనే కాచుకొని యుండుటచే మనకు వెదకుకొను శ్రమ యంతగా నుండదు. ఇంటికి వచ్చిన కుక్కపిల్లకో, నక్షత్రము లేదు, గోత్రము లేదు, తాత పేరు మొదలే లేదు. ఈ యల్పకార్యము మా యింట పదునైదు దినములు చర్చకు కారణమై, తుదకు మా పెద్దవాని మనస్సులో దాగియున్న యొక భయమును వెలికి దీసినది. సోదరీమణులలో బిడ్డలను చదువులకై పరస్థలములకు బంపువారు పలువురుందురు గనుక ఆ వృత్తాంతమును విన్నవించుచున్నాము.

మా వారు పనిచేయు పాఠశాల వసారాలో నొక వీధికుక్క యీని, కొన్ని వారములకే లారీ క్రింద బడి మరణించెను. పిల్లలలో మూడింటిని ఊరివారు తీసికొనిపోయిరి. ఆడుది యని యెవరును ముట్టని నాలుగవదానిని మా పెద్దవాడు చొక్కాలో జుట్టుకొని యింటికి దెచ్చెను. గోధుమవన్నె మేను, నల్లని మూతి. ఒక చెవి నిలిచియు నొక చెవి వ్రాలియు నుండెను. మా యత్తగారు మడి గట్టుకొని వంటయింటి గడపలో నిలిచి, "అది పెరటి గడప దాటి లోపలికి వచ్చెనా, నేను కాశికి బోదును" అని తీర్పు చెప్పిరి. ఆ తీర్పునకు లోబడి కుక్కపిల్ల బాదముచెట్టు క్రింద కాపురము పెట్టెను. మూడవనాటి రాత్రి వాన కురిసినప్పుడు దానిపై గోనెపట్టా కప్పి వచ్చినవారు మా యత్తగారే యని మాకు దెలియును గాని, తెలియనట్లే యుంటిమి.

మొదట మా చిన్నది టామీ యనెను. మా వీధిలో టామీలు రెండు, జిమ్మీ యొకటి యిదివరకే కలవు. రాజు అందమన్న, పాలుపోయు నతని పేరు రాజు. రాణి యందమన్న, ఎదురింటివారి కోడలు రాణి. "పెరటిలో నిలిచి రాణీ, చెప్పు కొరుకకు మని మీరు కేక వేసిననాడు ఆ యిల్లాలి ముఖము నేనెట్లు చూడగలను?" అని మా యత్తగారు హెచ్చరించిరి.

మేము చిన్ననాట తండ్రిగారి యొద్ద భారతము చదివినవారము గనుక సరమ యను పేరు సూచించితిమి. సరమ వేదములో దేవశుని. పణులు దాచిన గోవుల జాడ దీసినది. ఆదిపర్వమున, తన కుమారుని నిష్కారణముగ గొట్టినందులకు జనమేజయుని కొలువునకే పోయి నిలువదీసినదియు నామెయే. కుక్కకు సారమేయ మను పేరు ఆమె వలననే కలిగినది. ఇంతకంటె దగిన పేరుండదని మేము గర్వపడుచుండగా అత్తగారు, "అశోకవనములో సీతమ్మకు ధైర్యము చెప్పిన విభీషణుని యిల్లాలి పేరును సరమయే కదా! రామాయణము చదివిన కోడలవు, ఆ మహాతల్లి పేరు కుక్కకు బెట్టెదవా?" అనిరి. మాకు సమాధానము దోచలేదు.

అంతట మా వారు, "మన దేశపు పేరేది పెట్టినను ఎవరికో యొకరికి దగులును. గ్రీకుల పేరు పెట్టుదము. మన వీధిలో గ్రీకులు లేరు" అనిరి. గ్రీకు కథలను ఆంగ్లానువాదములలో జదివి, రాత్రి భోజనానంతరము పిల్లలకు జెప్పుట వారికి వాడుక. మాకును ఆ ప్రసంగము పరాయిదిగా దోపలేదు. సంస్కృతమున శ్వా, శునః అను రూపములకును, గ్రీకున క్యోన్, కునొస్ అను రూపములకును మూల మొక్కటే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ జంతువును దెలుపు మాటయే చుట్టమైనప్పుడు దాని ముద్దుపేరు మాత్రము పరాయిదెట్లగును?

క్సెనొఫోను అను గ్రీకు రచయిత క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దివాడు. అతని పేరనున్న వేటగ్రంథములో కుక్కలకు దగిన పేళ్లు 47 కలవు. పిలుచుటకు సులభముగ నుండుటకై పేరు చిన్నదిగా నుండవలెనని నియమము గూడ అందు జెప్పబడినది. ఆ పట్టిక విని మేము వింతపడితిమి. స్వర్గమునకు రమ్మని యింద్రుడు పిలిచినప్పుడు కుక్కను విడిచి రానని నిలిచిన ధర్మరాజు కథ మనకు శిరోధార్యము. అయినను ఆ కుక్కను పేరుపెట్టి పిలిచినట్లు భారతములో లేదు. ఇచ్చటనో, వేటకుక్కలకు సైతము బిడ్డలకు వలె పేళ్లేరి కూర్చినారు. ఫూలక్స్ అనగా కాపరి. లోంఖే అనగా ఈటె. ఆక్టిస్ అనగా కిరణము. గ్నోమే అనగా బుద్ధి. ఇది మన జ్ఞానశబ్దమునకు దోబుట్టువే. ఖరా అనగా ఆనందమని మా వారు సెలవిచ్చిరి. ఆనందమను పేరు అందరకు నచ్చినది గాని, మనలో ఖర మనగా గాడిద. కుక్కను గాడిదా యని పిలుచుట యేమి న్యాయమని దానిని విడిచితిమి.

మా పెద్దవాడు మాత్రము ఈ పట్టిక నంతయు ద్రోసివేసి, "ఆర్గోస్ అని పెట్టుదము" అని పట్టుబట్టెను. ఆర్గోస్ హోమరు రచించిన ఒడిస్సీలోని కుక్క. యజమానుడైన ఒడిస్యూస్ దానిని పిల్లగా నున్నప్పుడు పెంచి, ట్రాయి యుద్ధమునకు బోయి, ఇరువదవ యేట భిక్షుక వేషముతో తన యింటి వాకిటికి వచ్చెను. నాడు వేటలో మేటియైన కుక్క ముసలిదై, పిడుదులు పట్టి, పెంటకుప్పపై పడియుండెను. మనుష్యు లెవరును గుర్తింపని వానిని అది గుర్తించి, తోక యాడించి, చెవులు వ్రాల్చెను. దగ్గరకు బోవుటకు మాత్రము దానికి శక్తి లేకపోయెను. అతడు ప్రక్కవానికి దెలియకుండ కన్ను దుడుచుకొనెను. అంతలో ఆ కుక్క ప్రాణము విడిచెను.

కథ యెంత మనోహరమైనను ఆ పేరు మాకు సమ్మతము కాలేదు. ఎదురుచూచి యెదురుచూచి చూచిననాడే చచ్చిన దాని పేరు ఇంట నిత్యము పలుకుట యేమి శుభము? పైగా అది మగకుక్క. మా యత్తగారికి ఆ మాట నోరు తిరుగక అర్ఘ్యమయ్యెను. "సంధ్యవార్చు నీటి పేరు కుక్కకా!" యని వారు చెవులు మూసికొనిరి. మే మెన్ని చెప్పినను పిల్లవాడు వినడు. మాట పెరిగినకొలది మొండితన మధికమగుచుండెను. ఒకనాడు మాకు గోపము వచ్చి, "కుక్క పేరునకు గూడ నింత పంతమా?" యని గట్టిగా మందలించితిమి.

పదకొండేండ్ల ఆ పిల్లవాడు ప్రవేశపరీక్షలో నెగ్గి, జూన్ మాసమున గురుకుల పాఠశాలలో జేరవలసి యుండెను. ఆ రాత్రి మేము వాని పెట్టె సర్దుచు, చొక్కాలపై దారముతో అంకెలు కుట్టుచుంటిమి. వాడు మెల్లగా వచ్చి ప్రక్కన గూర్చుండి, "అమ్మా, దసరాకు నేను వచ్చుసరికి అది పెద్దదగును. నేనెవరో దానికి దెలియదు. ఆ పేరు పెట్టినచో గుర్తుంచుకొనునేమో యనుకొంటిని" అనెను. కొంతసేపటికి, "చెల్లి నా మంచము తాను దీసికొనునట. నా పుస్తకముల అరలో బొమ్మలు పెట్టుకొనునట" అనెను.

మా చేతిలోని సూది నిలిచిపోయినది. పదునైదు దినములుగా మేమందరము కుక్క పేరును గూర్చి వాదించుచుంటిమి. వాడు మాత్రము ఈ యింట తన పేరు నిలుచునా యని యడుగుచుండెను. పరీక్షలో నెగ్గినాడని బంధువులకు మిఠాయి పంచితిమి, పెట్టె కొంటిమి, దుప్పటి కొంటిమి. వెళ్లుట కిష్టమా, భయమా యని వాని నొక్కమా రడిగినవారము గాము.

అప్పుడు మాకు దోచినంత చెప్పితిమి. "నాయనా, ఆర్గోస్ పెంటపై నేల పడియుండెనో నాన్నగారు చెప్పగా వింటివి కదా. యజమానుడు లేనప్పుడు ఇంటివారు దానిని పట్టించుకొనలేదు. తప్పు దూరము పోయిన వానిది గాదు, ఇంటనున్న వారిది. నీ కుక్క పెంటమీద బడియుండదు. నీ మంచ మెవరికిని ఇయ్యము. గుర్తించుటకు ఇరువది యేండ్లును అక్కరలేదు" అని, మా వారు చెప్పిన మరియొక కుక్క సంగతి జ్ఞప్తికి దెచ్చితిమి. అలెగ్జాండరు దండయాత్రలను, మన దేశమును గూర్చియు వ్రాసిన ఆరియను క్రీస్తుశకము రెండవ శతాబ్దివాడు. అతని కుక్క హోర్మే. తనవారిని కొద్దికాలము చూడక మరల జూచినప్పుడు అది పలుకరించుచున్నట్లు మెల్లగా నెగిరెడిదట. తన కుక్క పేరు తరువాతి కాలమున గూడ నిలువవలెనని అతడు గ్రంథమున వ్రాసియుంచెను. పిల్లవాడు చాలసేపు మాటలాడక, పట్టిక తెచ్చి మరల చదివి, "అల్కే యనగా నేమి?" అనెను. పరాక్రమము, బలము అని ప్రక్కన వ్రాసియున్నది. "ఇది పెట్టుదము. దానికి నాకంటె ధైర్య మెక్కువ. తల్లి లేకపోయినను ఏడ్వలేదు" అనెను.

మరునాడు ఆ పేరు విని మా యత్తగారు, "అలకయా? బాగున్నది. సత్యభామ పోలిక" అని యొక్కమాటతో నంగీకరించిరి. మూడు మాసములు నిండినవి గనుక వెఱ్ఱికుక్కవ్యాధికి టీకా వేయించుటకై పశువైద్యశాలకు దీసికొనిపోగా, అక్కడివారును చీటిపై అలక యనియే వ్రాసిరి. పరాక్రమము గ్రీకులకే మిగిలినది. నాలుగుదినములకు పెద్దవాడు పెట్టె పట్టుకొని బస్సెక్కెను.

ఆశ్వయుజమున దసరా సెలవులకు వాడు వచ్చెను. వాకిట బస్సు దిగినది మొదలు "అల్కే, అల్కే" యని పిలుచుచు పెరటిలోనికి బరుగెత్తెను. అప్పటి కది పెద్దదై, పెరటి వసారాలో మా యత్తగారి మంచము క్రింద నివాస మేర్పరచుకొని యుండెను. వసారా లోపలి గడపకు వెలుపలిదే గనుక కాశీయాత్ర యవసరము లేదని వారే సెలవిచ్చిరి. అలక వానిని జూచెను. తోక యొక్కమారు కదలెను. వెంటనే ముఖము గోడవైపు ద్రిప్పుకొని పరుండెను. రొట్టె చూపినను చూడలేదు. బంతి విసరినను లేవలేదు. మా పెద్దవాని పెదవి వణకుట మేము చూచితిమి. "చూచితివా అమ్మా, మరచిపోయినది" అనెను.

అత్తగారు నవ్వి, "వెఱ్ఱివాడా, మరచినచో మొఱగును. క్రొత్తవారి మీద ఎవరైన నలుగుదురా? నాలుగు నెలలు విడిచిపోతివి, బ్రతిమాలుకొనుము" అనిరి. వాడు మంచము ప్రక్కన నేలపై గూలబడి, గురుకులములోని సంగతు లొక్కొక్కటియే దానితో జెప్పసాగెను. చారులో ఉప్పు తక్కువయట. మొదటి వారము దుప్పటిలో ముఖము దాచుకొని యేడ్చెనట. మాకు వ్రాసిన యుత్తరములలో ఈ మాట యెన్నడును లేదు. వంటయింటిలో నుండి మే మన్నియు వింటిమి. వచ్చినవెంటనే ఎన్ని మార్కులని యడుగబోయిన మా నోరు మూతబడినది. వారమున కొకసారియైనను ఏమి తింటివి, ఎట్లు నిద్రించితివి యని యడుగవలెనని ఆనాడే నిశ్చయించుకొంటిమి.

దీపములు పెట్టువేళకు అలక మెల్లగా మూతి త్రిప్పి వాని మోకాలిపై నుంచెను. మరునాటి యుదయము మేము లేచి చూచుసరికి, నాలుగు నెలలు ఖాళీగా గాచియుంచిన వాని మంచము ఖాళీగనే యున్నది. వాడు వసారాలో చాపపై బరుండెను. కుక్క వాని పాదములపై తల పెట్టుకొని నిద్రించుచుండెను. ఎవరో యిద్దరిపైనను కలిపి యొక దుప్పటి కప్పియుండిరి. మా యత్తగారు తులసికోట యొద్ద స్తోత్రము చదువుకొనుచు, ఏమియు నెరుగనివారివలె నుండిరి.