అడ్డాకు ఎంత దూరం?

జనవరి 9, 2025
ఫ్లైఓవర్ కింద ఇల్లులేనివాళ్లు మళ్లీ ప్లాస్టిక్ పన్నీలు కట్టారు. చలికి టైరు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు కాలుస్తున్నారు. తెల్లారేసరికి ఆ పొగ మా మూడో అంతస్తు దాకా వస్తోంది. అమ్మకు అసలే ఆయాసం. ఫుట్‌పాత్ నిండా మూటలు, రాళ్ల పొయ్యిలు. చేతికర్రతో ఆమె రోడ్డు మీదికి దిగి, బస్సుల పక్కన నడవాలి. నాకు కోపంగా ఉంది. దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. నడవడానికి దారి అడిగితే పేదల మీద పగ ఉన్నట్టు కాదు.

జనవరి 16
మున్సిపాలిటీ లారీ వచ్చింది. పన్నీలు, గిన్నెలు, ఒక నులకమంచం ఎత్తుకుపోయారు. మా గల్లీ ఊపిరి పీల్చుకుంది. సాయంత్రం కూరగాయలకు వెళ్తే అవే కుటుంబాలు మార్కెట్ గోడ వారన కూర్చుని ఉన్నాయి.

జనవరి 20
మళ్లీ ఫ్లైఓవర్ కిందికే వచ్చేశారు. లారీ తిరగడానికి డీజిలు ఖర్చు, మనుషుల కూలీ, మా పన్ను డబ్బు. వాళ్లకేమో కొత్త పన్నీ ఖర్చు.
2017 నవంబరు గుర్తొచ్చింది. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారని హైదరాబాద్ నగరంలో భిక్షాటన నిషేధించారు. మగవాళ్లను చంచల్‌గూడ, ఆడవాళ్లను చర్లపల్లి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. సదస్సు మూడు రోజుల్లో ముగిసింది. ఫ్లైఓవర్ల కింద మనుషులు ఇప్పటికీ ఉన్నారు.

జనవరి 27
నిన్న ఇందిరమ్మ ఇళ్ల మంజూరు మొదలైంది. మొదటి విడతలో సొంత జాగా ఉన్నవారికి, ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు. జాగా ఉంటే ఎవరైనా ఫ్లైఓవర్ కింద ఎందుకు పడుకుంటారు?

ఫిబ్రవరి 2
పంపు దగ్గర బిందె నింపుకుంటున్న ఆమెతో మాట్లాడాను. పాలమూరు వైపు పల్లె. మొగుడూ పెళ్లాం ఇద్దరూ అడ్డా కూలీలు. సర్కారు ఇళ్లకు దరఖాస్తు పెట్టలేదా అంటే, రేషన్ కార్డు ఊర్లో ఉందని, ఇక్కడ ఏ అడ్రసు రాయాలో తెలియలేదని చెప్పింది. కొల్లూరు సర్కారు ఇళ్ల పేరు ఎత్తాను.
"గంత దూరం పోతే పొద్దుగాల అడ్డా మీదికి ఎట్ల రావాలె అక్కా? బస్సు దిగేసరికి మేస్త్రీలు మందిని తీస్కపోతరు."
2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. గట్టి ఇళ్లే. వాటిని నేను తక్కువ చేయను. కానీ నాంపల్లి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. భూమి ఎక్కడ చవకగా దొరికితే అక్కడ కట్టారు, పని ఎక్కడ దొరుకుతుందో చూడలేదు. రోజు కూలీలో చార్జీలు పోతే మిగిలేదెంత?

ఫిబ్రవరి 13
పట్టణాల్లో ఇల్లు లేనివారి కేసు నిన్న సుప్రీంకోర్టులో విచారణకు వచ్చింది. ఉచితాల వల్ల జనం పని చేయడానికి ఇష్టపడడం లేదని జస్టిస్ గవాయి అన్నట్టు పేపర్లో చదివాను. ఆ మాట నాకు బాధ కలిగించింది. మా ఫ్లైఓవర్ కింద మనుషులు నాకన్నా ముందే లేస్తారు. తట్ట, పార పట్టుకుని అడ్డాలో నిలబడతారు. పదింటికల్లా ఎవరూ పిలవకపోతే ఆ రోజుకు కూలీ లేనట్టే.
ఇదే కోర్టు 2010లో పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక్కటైనా వసతిగృహం, 24 గంటలూ తెరిచి ఉండేది, కావాలంది. 2011 లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు. అంటే అప్పటికే 67 కావాలి. కేంద్రం నిబంధనల ప్రకారం లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండాలి. నేను వెళ్లి చూసిన షెల్టర్ శుభ్రంగానే ఉంది, కాకపోతే మగవాళ్లకు మాత్రమే. భార్య, చంటిపిల్ల ఉన్నవాడు వాళ్లను రోడ్డు మీద వదిలి లోపలికి వెళ్లి పడుకోలేడు. "షెల్టర్ ఉన్నా పోరు" అని మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అంటుంటారు. ఎందుకు పోరో ఒకసారి అడిగితే చాలు.

ఫిబ్రవరి 28
2011లో ఇదే రాత్రి జనగణన వాళ్లు ఇల్లులేని వారిని లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది. ఒక్క రాత్రి లెక్క అది. ఆ రాత్రి సెంట్రింగ్ చెక్కల మధ్య, లారీ మీద పడుకున్నవాళ్లు ఎంతమంది తప్పిపోయారో. ఆ తర్వాత మళ్లీ లెక్క జరగనే లేదు.

మార్చి 8
బోయిగూడ ఐడీహెచ్ కాలనీ మీదుగా వెళ్లాను. ఉన్న చోటే పాతవి తీసేసి 396 ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. పని, బడి, స్టేషన్ అన్నీ నడక దూరమే. ఈ నగరానికి ఇది చేతనవును. అందుకే నా కోపం పన్నీల మీది నుంచి పక్కకు జరిగింది, కానీ తగ్గలేదు.

మార్చి 15
వినతిపత్రం రాశాను. ఫుట్‌పాత్ ఖాళీ చేయించాలి. దానికి ముందే అడ్డాకు నడిచే దూరంలో కుటుంబాలు కలిసి ఉండే షెల్టర్, మరుగుదొడ్లు, తక్కువ అద్దెకు గదులు కావాలి. చిరునామా లేనివారి దరఖాస్తు తీసుకోవాలి. మా వీధి వెనక పాడుబడ్డ సర్కారు క్వార్టర్లు ఉన్నాయి, అవి చూడమన్నాను. నాలుగో అంతస్తు ఆయన సంతకం పెట్టనన్నారు, షెల్టర్ వస్తే ఫ్లాట్ల రేటు పడిపోతుందట. మొదట లారీ పిలిపించిన కిందింటావిడ పెట్టింది. సోమవారం వార్డు ఆఫీసులో ఇవ్వాలి.