ఎరువు సొమ్ము

న్యూఢిల్లీలో ఇండియా గేట్ వద్ద బయలుదేరి, విండ్సర్ ప్లేస్ మీదుగా, పటేల్ చౌక్ దాటి, గోల్ డాక్‌ఖానా వరకు సాగే రాచబాట అశోకా రోడ్. దాని ఒకటవ నెంబరు ఆంధ్రా భవన్‌ది. రెండవ కొసన బంగ్లా సాహిబ్ గురుద్వారా బంగారు గుమ్మటమూ, దానికి చేరువలో హెన్రీ మెడ్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి రూపొందించిన సేక్రెడ్ హార్ట్ కెథీడ్రల్ ఎర్ర ఇటుక గోడలూ కనిపిస్తాయి.

ఆంధ్రా భవన్ కాంటీన్‌లో నెలకొకసారి ముగ్గురు మనుషులు ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చునేవారు. ఒకడు గుంటూరు జిల్లావాడు; నగరంలోని ఒక పాత చర్చిలో మైకులు, స్పీకర్లు చూసుకొనేవాడు. రెండవవాడు ఒక ప్రభుత్వ ఆడిటోరియంలో అదే పని చేసే తెలుగువాడు. మూడవవాడు ఒక గురుద్వారాలో కీర్తన వేళ మిక్సర్ ముందు కూర్చునే సర్దార్జీ. పప్పులో పొడీ నెయ్యీ కలుపుకోవడం ఆయనకు ఈ బల్ల దగ్గరే అలవడింది. వారి సంభాషణలో రాజకీయాలకు తావు లేదు. ఏ మైకు కూత పెడుతున్నది, ఏ అంగడివాడు మాట నిలబెట్టుకొన్నాడు, ఎవరి అటక మీద ఏ పనిముట్టు ఖాళీగా ఉన్నది - ఇవే.

చర్చి మైకు పని తేలిక అనుకొనేవారు ఒకసారి ఆ పాత చర్చి వెనుక బెంచీలో కూర్చుని చూడాలి. రాతి నేల, ఎత్తైన కప్పు, నునుపైన గోడలు. పాస్టరుగారి నోట వెలువడిన మాట అక్కడ త్వరగా చావదు. ఒక మాట తోక మీద మరొక మాట తల పడి రెండూ నలిగిపోతాయి. ఈ చిక్కు కొత్తది కాదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాల ఇదే రోగంతో పనికిరాకుండా పడి ఉంటే, వాలేస్ సాబైన్ అనే యువ అధ్యాపకునికి దాన్ని అప్పగించారు. ఆయన ప్రక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట ఎరువు తెచ్చి, శాలలో పరచి, ధ్వని ఎంతసేపటికి అణగిపోతున్నదో కొలిచేవాడు. తెల్లవారేలోగా వాటిని తిరిగి అప్పగించాలి. ఈనాటి భవనధ్వని శాస్త్రానికి పునాది ఆ ఎరువు మెత్తల మీదనే పడింది. ఎరువు సొమ్ము బరువు చేటు అని మన సామెత. మైకులవారి లోకంలో అది అంతగా చెల్లదు.

మన గుంటూరువాడు ఈ సంగతి ఆలస్యంగా గ్రహించాడు. ఉద్యోగంలో చేరిన క్రొత్తలో అతని దృష్టి అంతా ధర మీదనే. చర్చి కమిటీవారు మూడు అంగళ్ళ ధరల పట్టికలు అడిగేవారు. అన్నిటికంటె తక్కువ చెప్పినవాని వద్ద కొనేవారు. అట్లా కొన్న ఆంప్లిఫయర్ ఒక క్రిస్మస్ ముందు రాత్రి, పిల్లల పాట మధ్యలో మూగబోయింది. అమ్మినవానికి పదిసార్లు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆ రాత్రి సర్దార్జీ తన స్కూటర్ మీద ఒక పాత ఆంప్లిఫయర్ తెచ్చి ఇచ్చాడు. అప్పటికి వారిద్దరికీ ఉన్నది ముఖపరిచయం మాత్రమే.

మరుసటి నెలలో ఆ సర్దార్జీయే అతన్ని ఎర్రకోట ఎదుట ఉన్న లజపత్ రాయ్ మార్కెట్‌కు తీసుకొని వెళ్ళాడు. ఎలక్ట్రానిక్ వస్తువులకు పేరుపడ్డ ఆ ఇరుకు సందుల్లో ఒక వృద్ధ వర్తకుని అంగడి ఉన్నది. గుంటూరువాడు నాలుగు పెద్ద స్పీకర్లు కావాలన్నాడు. ముసలాయన హాలు పొడవు అడిగాడు, కప్పు ఎత్తు అడిగాడు, చివరకు టీ తెప్పించి, "నాలుగు అక్కరలేదు, బేటా. ఉన్నవాటిని కొంచెం క్రిందికి వంచు. హాలు నడుమ చిన్నవి ఒక జత పెట్టి, వాటి ధ్వనిని కాస్త ఆలస్యం చెయ్యి," అన్నాడు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. విద్యుత్తు తీగలో కనురెప్పపాటు కూడ పట్టదు. ఇరవై మీటర్ల దూరాన ఉన్న స్పీకరు సెకనులో పదిహేడవ వంతు ఆగి పలికితే, ముందునుంచి వచ్చే గొంతూ అదీ కలిసి ఒకటే గొంతుగా వినిపిస్తాయి. లండన్‌లోని సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో 1950ల ఆరంభంలోనే ఈ ఉపాయం ప్రయోగించారు. వర్తకుడు తాను అమ్మగలిగినదానిలో మూడవ వంతు కూడ అమ్మలేదు. ఆనాటి నుంచి గుంటూరువానికి ఆ అంగడి గుమ్మం తెలిసిన ఇల్లయింది.

మరొకసారి కమిటీలో ఒక పెద్దమనిషి పండుగకు చర్చి బయట హారన్లు కట్టాలన్నాడు. ముసలాయన అవి అమ్మనని తల అడ్డంగా ఊపాడు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడవని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెపుతున్నాయి. అదే ఏడాది ఆగస్టులో, మద్రాసులోని ఒక చర్చికి సంబంధించిన కేసులోనే, ఇరుగుపొరుగు శాంతిని భంగపరచి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కొనేవాని చేత కొనిపించని అంగడివాణ్ణి పెద్దమనిషి అంతకుముందు చూసి ఉండడు.

అయితే స్నేహం ఉన్నచోట అనుమానమూ ఉంటుంది. దీపావళికి అంగడి నుంచి మిఠాయి పెట్టె వచ్చింది. "ఎప్పుడూ ఆ ఒక్క అంగడేనా?" అని కమిటీలో ఎవరో గొణిగారు. కమీషన్ అన్న మాట పైకి రాలేదు. రాకుండానే గది నిండా వినిపించింది. అతడు ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాటి నుంచి ప్రతి బిల్లుకూ మరి రెండు అంగళ్ళ ధరలు జతపరచి, ఎక్కడ కొన్నాడో, ఎందుకు కొన్నాడో క్రింద నాలుగు పంక్తులు వ్రాసేవాడు. మిఠాయి పెట్టెను కమిటీ బల్ల మీదనే విప్పాడు. గొణిగినాయనే మొదటి ముక్క తీసుకొన్నాడు. గొణుగుడు పూర్తిగా ఆగిందని మాత్రం చెప్పలేము.

2020 మార్చి 24 రాత్రి దేశం తలుపులు మూసుకొన్నది. ఏప్రిల్ 12 ఈస్టర్. చర్చి ఆవరణలోనే గది ఉన్న గుంటూరువాడూ, పాస్టరుగారూ, పాట పాడే ఒక్క అమ్మాయీ మిగిలారు. ఆరాధనను ఇంటర్నెట్‌లో పంపాలి. కెమెరా బొమ్మను కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె ఒకటి కావాలి, అంగళ్ళన్నీ మూత. కాని ఆ పెట్టె అతని అలమరలోనే ఉన్నది! మార్చి మొదటివారంలో ఒక పెళ్ళికోసం ఆడిటోరియం మిత్రుని దగ్గర ఎరువు తెచ్చి, తిరిగి ఇవ్వడానికి బద్ధకించినది అది. సోమరితనం ఇంత చక్కగా ఫలించిన సందర్భాలు అరుదు.

బొమ్మ వచ్చింది. ధ్వని మాత్రం పగిలిన కుండలా గరగరలాడింది. శనివారం సాయంత్రం అతడు ముసలాయనకు ఫోన్ చేశాడు. ఒక్క మోతకే ఆయన ఎత్తాడు. మిక్సర్ నుంచి వచ్చే ధ్వని బలం చాలా ఎక్కువ, కంప్యూటర్ మైకు రంధ్రం వేలెడు పిల్ల వంటిది, దాని నోట్లో బిందెతో నీళ్ళు పోస్తున్నావన్నాడు. పదివేల ఓముల రెసిస్టర్ ఒకటి, వంద ఓములది ఒకటి. రెండూ తగినట్లు కలిపితే నూరు పాళ్ళలో ఒక పాలు మాత్రమే లోపలికి పోతుంది. ఎక్కడ దొరుకుతాయి? పాత ఆంప్లిఫయర్ విప్పమన్నాడు. ఆనాడు క్రిస్మస్ రాత్రి మూగబోయినది ఇప్పుడు ఆ విధంగా ఉపయోగపడింది.

గురుద్వారా కీర్తనను దూరానికి అందించడంలో ఆరితేరిన సర్దార్జీ రెండు గంటలసేపు తన ఇంట్లో చెవికి ఫోన్ ఆనించుకొని, "గొంతు పెంచు, పాట తగ్గించు," అంటూ అర్థంకాని తెలుగు ప్రార్థన పొడవునా విన్నాడు.

ఈస్టర్ మధ్యాహ్నం గుంటూరు జిల్లా నుంచి తల్లి ఫోన్ చేసింది. "అయ్యగారి మాట ఎదురుగా కూర్చున్నట్లే వినిపించిందిరా. మధ్యలో దగ్గింది నువ్వేనా? ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

కాంటీన్ బల్ల దగ్గర ముగ్గురూ మళ్ళీ కలిసేసరికి నెలలు గడిచాయి. గుంటూరువాడు చిన్న పెట్టెను గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఆడిటోరియం మిత్రుడు విప్పి చూసి, "ఈ వైరు మాది కాదన్నా, కొత్తది," అన్నాడు. పాతది అరిగిపోయిందన్నాడు గుంటూరువాడు. భోజనం ముగిసే వేళకు ఆ పెట్టె సర్దార్జీ సంచిలో చేరింది. ఆయనకు అది వారం రోజులు కావాలట.