మన వాడకట్టు పండ్లు

షోలాపూర్ అంటే ఎండ, దుమ్ము, మగ్గాల చప్పుడు అని బయటి ఊర్ల చుట్టాలు అంటరు. ఇక్కడ పండ్లు యాడివి అని నవ్వుతరు. మన వాడకట్టుల జర నిదానంగ తిరిగి చూస్తే తెలుస్తది. వాన తక్కువ పడే ఊరే, నిజమే. కాని తక్కువ నీళ్ళతో బతికే చెట్లకు మన దగ్గర లోటు లేదు. రేగు, సీతాఫలం, చింత, సీమచింత, జామ, అక్కడక్కడ నేరేడు. కరీంనగర్, నల్గొండ, పాలమూరు, వరంగల్ దిక్కుల నుంచి మన పెద్దలు మగ్గం పనికి వచ్చి ఇక్కడ పాతుకున్నట్టే, ఈ చెట్లు గూడ గోడల పక్కన, మోరీల ఒడ్డున పాతుకున్నయి.

పంచాంగం చూడకున్నా నెల ఏందో ఈ చెట్లే చెప్తయి. మిరుగు వానలు పడంగనే నేరేడు పండు. మనం నేరేడు అంటం, మరాఠీ వాళ్ళు జాంభూళ్ అంటరు, కన్నడం వాళ్ళు నేరళె అంటరు. ఏ పేరు పెట్టి తిన్నా నాలిక మాత్రం ఊదా రంగే అయితది. నేరేడు కొమ్మ పెళుసు. చూడనీకి లావుగ ఉంటది, కాలు పెడితే పటుక్కున విరుగుతది. పిల్లలను ఎక్కనియ్యకండి. పాత చద్దరు నలుగురు నాలుగు మూలలు పట్టుకుని నిలబడి, ఒకరు దోటితో కొమ్మను ఊపితే మట్టి అంటకుండ పండు రాలుతది. మనం నేసిన చద్దరుకు ఇంతకన్న మంచి పని ఏముంది?

దసరాకు అటు ఇటుగ సీతాఫలం. కాయ మీద కండ్ల నడుమ గీతలు విచ్చుకుని తెల్లగ, పసుపుగ అయితే తెంపాలె. అప్పటికి గట్టిగనే ఉంటది. బియ్యం డబ్బాల పెడితే రెండు మూడు రోజులల్ల మెత్తపడుతది. చెట్టు మీదనే పండనిద్దాం అనుకుంటే ఉడుతల పాలు. కొందరు ఆడవాళ్ళు గింజలు నూరి పేన్లకు పెడతరు. ఆ పిండి కంట్ల పడితే కన్నుకే ముప్పు. పిల్లల తలకు పెట్టకండి.

చలికాలం రేగు పండ్లది. సంక్రాంతికి సిద్దేశ్వరుని జాత్ర జరిగే రోజులల్లనే మనం పిల్లలకు భోగిపండ్లు పోస్తం. మరాఠీ ఇండ్లల్ల దాన్నే బోర్‌నహాణ్ అంటరు. బజార్ల దొరికే పెద్ద రేగు చూడనీకి బాగుంటది. గోడ పక్కన కాసే చిన్న రేగుకు ఉండే పులుపు, తీపి దానికి రాదు. ఒకటే మాట, విప్పి పురుగు చూసుకుని తినాలె.

శివరాత్రి దాటి ఎండలు ముదిరేటప్పటికి సీమచింత. కాయ వంకర తిరిగి, ఎర్రబారి, తనంతట తనే పగిలితే తినే రోజు వచ్చినట్టు. నల్ల గింజ ఊసేసి తెల్ల గుజ్జు తినాలె. కొంచెం వగరు ఉంటది, ఆ వగరే దాని రుచి.

ఇవన్నీ తెలిసిన ముచ్చట్లే కదా, ఎందుకు రాస్తున్నవు అంటరేమో. చెప్త.

నేను పని చేసిన మిల్లు మూతపడినంక మా ఇంట్ల ఆమె చుట్టే బీడీల మీదనే పొయ్యి మండింది. జొన్నరొట్టె, పప్పు, కారం వరకు ఎట్లనో అయ్యేది. పండు కొనుడు మాత్రం ఎవరికన్నా జ్వరం వస్తేనే, అదీ ఒక్క బత్తాయి. అయినా మా ముగ్గురు పిల్లలు పండు రుచి తెలియకుండ పెరగలేదు. ఎనిమిదేండ్లు, పదేండ్లు వాళ్ళు తిన్నదంతా ఈ గల్లీ చెట్లదే.

మా వెనుక ఇంట్ల ఒక కన్నడం అజ్జి ఉండేది. ఆమె అంగట్ల జామ చెట్టు. నేను పాళీ దిగి వచ్చే రోజులల్ల, తెల్లారంగనే రాలిన పండ్లు ఏరుతూ కనపడేది. గబ్బిలం కొరికినవి పక్కకు పారేసి, మంచివి గంపల వేసి మెట్టు మీద పెట్టేది. తీసుకునేటోళ్ళకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. రాయి విసరొద్దు. ఇంట్ల ఎంత మంది ఉంటే అన్నే తీసుకోవాలె. పైకొమ్మవి పిట్టలకు.

మిల్లు బంద్ అయినంక మా పిల్లలు ఆ మెట్టు దాకా పోవడానికి సిగ్గుపడ్డరు. అప్పుడు అజ్జి తనే మా ఇంటికి వచ్చి, "కొమ్మ బరువుకు విరిగేట్టు ఉందప్పా, పిల్లలను పంపి జర తెంపిపియ్యి, నాకు చేతగాదు" అన్నది. కొమ్మ విరిగేంత కాయ ఏమీ లేదు. అది ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. పెట్టిన చెయ్యి పైన ఉండకుండ, తీసుకున్న చెయ్యి కింద ఉండకుండ ఇచ్చుడు అంటే ఏందో నేను ఆమె దగ్గరనే చూసిన. చేతుల డబ్బులు పెట్టి ఉంటే మేం తీసుకోకపోదుము. జామపండు గనుక తీసుకున్నం.

అజ్జి పోయింది. ఇల్లు కట్టినప్పుడు ఆ జామ చెట్టూ పోయింది. ఇప్పుడు మన గల్లీ మూల మీది సీమచింతను గూడ కొట్టేద్దాం అని మాట నడుస్తున్నది. ముల్లు గుచ్చుకుని బండ్ల టైర్లు పంచర్ అయితున్నయి, ఆకు రాలుతున్నది, పోరగాండ్లు రాళ్ళు విసిరితే కిటికీ అద్దం పగిలింది అంటున్నరు. ఈ మాటలు అబద్ధం కాదు. బండి మీద పనికి పోయేటోనికి పంచర్ అంటే ఆ రోజు సగం కూలి. కాని దానికి చెట్టునే కొట్టాల్నా? కింది ముండ్ల కొమ్మలు ఏడాదికి ఒకసారి అనుమతి తీసుకుని కొట్టిస్తే సరిపాయె. వారానికి ఒక ఇల్లు చొప్పున చెట్టు కింద ఊడిస్తే పాయె. దోటి ఉంటే రాయి అవసరం లేదు.

ఇంకొక మాట. మహారాష్ట్రల పట్టణాల చెట్ల కోసం 1975 నుంచే చట్టం ఉంది. చెట్టు మన సొంత జాగల ఉన్నా, కార్పొరేషన్ చెట్ల అధికారి అనుమతి లేకుండ కొట్టరాదు. రాత్రికి రాత్రి గొడ్డలి తెచ్చే ముందు ఇది యాది పెట్టుకోండి.

మా మనుమడు పండు అంటే బండి మీద కిలో లెక్కన వచ్చేదే అనుకున్నడు. మొన్న సీమచింత నోట్ల పెట్టుకుని, వగరు అని ఊసేసిండు. రెండో రోజు తనే వచ్చి, "తాతా, ఎర్రగయినవి ఇంక ఉన్నయా?" అని అడిగిండు. ఈ గల్లీల ఇంకా ఎవరి ఇంట్లనో పని బంద్ అయి ఉంటది, మనకు చెప్పకపోవచ్చు. వాళ్ళ పిల్లలు ఎవరినీ అడగకుండ తినగలిగేది ఆ చెట్టు కిందనే.

ఇప్పుడు చెట్టు నిండ కాయ ఉంది. పొద్దున ఎండ ఎక్కకముందు తెంపితే మంచిది. కొక్కెం కట్టిన దోటి మా ఇంటి గోడకు ఆనిచ్చి పెట్టిన. అడగాల్సిన పని లేదు, తీసుకుపోయి మళ్ళ అక్కడనే పెట్టండి.