కొత్త బండ... పాత కళ!

నిన్న గనిలోంచి తీసిన రాయి. చూస్తే మాత్రం వందేళ్ల క్రితం ఎవరో తాతగారి ఇంట్లో పరిచినట్టుంటుంది. అంచులు అరిగి, ముఖం మసకబారి... అదే ఇప్పుడు ఫ్యాషన్! ఆ అరుగుదల కోసం డబ్బిచ్చేవాళ్లు ఒకపక్క. అసలైన పాత బండల్ని పగలగొట్టేస్తున్నవాళ్లు మరోపక్క. నాపరాళ్ల సీమ కోయిలకుంట్లకు వెళితే ఈ తమాషా ఏమిటో అర్థమవుతుంది.

నంద్యాల నుంచి జమ్మలమడుగు వెళ్లే దారిలో వస్తుంది కోయిలకుంట్ల. కుందూ నది, నల్లరేగడి చేలు, శనగ, జొన్న, పత్తి... అచ్చమైన రేనాటి ఊరు. 2022లో కర్నూలు జిల్లా నుంచి కొత్త నంద్యాల జిల్లాలోకి మారింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో దాడి చేసింది ఇక్కడి ఖజానా మీదే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరితీసిందీ ఇక్కడే.

చరిత్ర చదివినవాళ్లకు ఈ ఊరు అలా గుర్తు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ ప్రాంతం పేరు చెప్పగానే గుర్తొచ్చేది నాపరాయి. అవుకు, కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల... చుట్టుపక్కలంతా బండల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలే. సున్నపురాయి జాతికి చెందిన ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. అందుకే గడ్డపార వేసి లేపితే పలకల్లా లేచివస్తుంది. పాత ఇళ్లలో గోడ, నేల, అరుగు, పశువులు నీళ్లు తాగే గాబు... అన్నీ దాంతోనే!

కాళ్లే పాలిష్ యంత్రాలు

అలాంటి ఇంటికి వెళితే ఒక్కసారి కిందికి చూడండి. నేలంతా ఒకేలా అరగదు. గడప ముందు బండ కాస్త గుంతపడి ఉంటుంది. మంచం కింద బండ మాత్రం పరిచిన నాటిలాగే గరుకుగా ఉంటుంది. పెద్దవాళ్లు రోజూ కూర్చునే చోట అరుగు అంచు నున్నగా మెరుస్తుంది. ఎవరు ఎటు నడిచారో, ఎక్కడ కూర్చున్నారో ఆ బండలే చెబుతాయి.

డ్రమ్ములో వందేళ్లు

ఇప్పుడా కళను కొత్త రాయికి గంటల్లో తెప్పిస్తున్నారు. కోసిన ముక్కల్ని పెద్ద డ్రమ్ములో వేసి తిప్పితే ఒకదానికొకటి తగిలి అంచులు గుండ్రబడతాయి. అది 'టంబుల్డ్' రాయి. గట్టి బ్రష్షులున్న యంత్రంతో రుద్దితే మెత్తటి భాగం అరిగి, గట్టి భాగం నిలబడి సన్నటి ఎగుడుదిగుళ్లు వస్తాయి. అది 'యాంటిక్ ఫినిష్'. సీమ రాయి ఇలాగే తయారై, 'కడప బ్లాక్' పేరుతో బ్రిటన్‌లోని ఇళ్ల తోటల దాకా వెళుతోంది. దీన్ని వట్టి మోజు అనడానికీ లేదు. అద్దంలా పాలిష్ చేసిన బండ తడిస్తే కాలు జారుతుంది. ఇది అంతగా జారదు. చిన్నచిన్న గీతలు పడ్డా కనిపించవు.

జీన్సుదీ ఇదే కథ. పొరుగునున్న బళ్లారి జీన్సుకు పేరుమోసిన ఊరు. కొత్త జీన్సుకు వెలిసిన రంగు రావాలంటే ప్యూమిస్ అనే తేలికపాటి రాళ్లతో కలిపి ఉతకడం ఒక పద్ధతి. ఇసుక చిమ్మి వెలిసేలా చేయడం మరొకటి. ఆ ఇసుక ధూళికి కార్మికులు సిలికోసిస్ బారిన పడటంతో టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. మన కోసం పాతబడిన బట్ట వెనుక మరొకరి ఊపిరితిత్తులు అరిగాయన్నమాట!

పగలగొట్టే ముందు...

పట్నంలో అరిగినట్టున్న రాయికి మామూలు రాయికన్నా ఎక్కువ ఇస్తున్నారు. పల్లెలో మిద్దె విప్పి టైల్స్ వేసేటప్పుడు, నిజంగా అరిగిన బండలు ముక్కలై రోడ్డు పక్కన పడుతున్నాయి. సమ్మెట తీసే ముందు కాస్త ఆగండి. అంచు కింద గడ్డపార పెట్టి నెమ్మదిగా లేపితే చాలా బండలు విరగకుండా వస్తాయి. వాటిని కొత్త ఇంటి మెట్లకో, వరండాకో, తులసికోట చుట్టూ పరచడానికో వాడుకోవచ్చు. అమ్మమ్మ నడిచిన బండ మీదే మనవరాలు నడుస్తుంది.

ఓపికుంటే కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలనూ చూసిరండి. అక్కడ 3 కిలోమీటర్లకు పైగా సున్నపురాయిని అరగదీసింది నీళ్లే. నంద్యాల-ఎర్రగుంట్ల మార్గంలో 2016 నుంచి రైలూ నడుస్తోంది కాబట్టి కోయిలకుంట్లకు వెళ్లడం ఇప్పుడు సులువే.