బాయి నుంచి బల్ల దాకా

బొగ్గు గనుల ఊళ్లో గుమాస్తా కొలువంటే ఒట్టి ఉద్యోగం కాదు. నేల కిందికి దిగనక్కర్లేని బతుకు. తండ్రులు బాయిలో దిగి చదివించిన మందమర్రి పిల్లలు ఇప్పుడా కుర్చీ కోసమే పోటీ పడుతున్నారు. ఆ పోటీలో మార్కుల కంటే ముందే తేలిపోయే సంగతులు కొన్ని ఉన్నాయి. అవేమిటో ఇంటిల్లిపాదికీ తెలియాలి.

మంచిర్యాల నుంచి బెల్లంపల్లి వెళ్లే దారిలో, రెండింటికీ నడుమ ఉంటుంది మందమర్రి. ఊరిని ఆనుకుని ఖాజీపేట–బల్లార్షా రైలు పట్టాలు. 2011 లెక్కల ప్రకారం జనాభా 52 వేల పైచిలుకు. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది బొగ్గే. కల్యాణిఖని అని పూర్తి పేరు పలికే తీరిక ఇక్కడ ఎవరికీ లేదు. అందరి నోటా అది ‘కేకే’. కేకే-5, కాసిపేట, శాంతిఖని... ఇవన్నీ సింగరేణి మందమర్రి ఏరియా గనులు. అసలు గనిని గని అనేదే తక్కువ. ‘బాయి’ అంటారు. ‘ఏ బాయిల పని?’ అన్నదే ఇక్కడ తొలి పరిచయం.

మొదటి షిఫ్టు వేళకు చాలా క్వార్టర్ల నుంచి రెండు సంచులు బయల్దేరతాయి. ఒకటి తండ్రిది. అందులో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా. రెండోది కొడుకుదో కూతురిదో. అందులో కరెంట్ అఫైర్స్ పుస్తకం, అరిథ్‌మెటిక్ నోట్సు, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టిన సర్టిఫికెట్లు. తండ్రి ల్యాంప్ రూమ్‌లో టోపీ లైటు తీసుకుని నేల కిందికి దిగుతాడు. బిడ్డ మంచిర్యాల బస్సెక్కి కోచింగ్‌కో, గ్రంథాలయానికో వెళ్తుంది. సాయంత్రం ఇద్దరూ ఇంటికి చేరాక తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే.

‘‘ఏమైంది బిడ్డా, నోటిఫికేషన్ పడ్డదా?’’

‘‘ఇంకా పడలే బాపూ.’’

కొలువు నడిచొచ్చిన రోజులు

ఈ ప్రశ్న వెనకటి తరానికి తెలియదు. అప్పట్లో తండ్రి దిగిపోతే ఆ పని కొడుక్కి వచ్చేది. వారసత్వ ఉద్యోగం అనేవారు. చదువు రాకపోయినా తట్ట, చెమ్మస్ పట్టగలిగితే చాలు. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. యంత్రాలొచ్చాయి, ఓపెన్ కాస్టులొచ్చాయి. ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల దరిదాపుల్లోనే ఉంది. వారసత్వ ఉద్యోగాలను తిరిగి తేవాలని 2016లో ప్రయత్నం జరిగింది. 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు.

ఆ తర్వాత మిగిలింది కారుణ్య నియామకం. కార్మికుడు మరణించినా, జబ్బుపడి పనికి అనర్హుడని మెడికల్ బోర్డు తేల్చినా వారసుడికి పని దొరుకుతుంది. ఇంట్లో ఒకరు మంచాన పడితేనే మరొకరికి కొలువన్నమాట! అలా వచ్చినవాళ్లలో డిగ్రీలు, బీటెక్‌లు చదివినవారూ ఉన్నారు. అయినా మొదట చేరేది బదిలీ వర్కరుగానే. ఏడాదిలో భూగర్భంలోనైతే 190, ఉపరితలంలోనైతే 240 మస్టర్లు పూర్తిచేయడమే వాళ్ల తొలి పరీక్ష.

అందుకే గనుల ఊళ్లో గుమాస్తా పోస్టుకు ఇంత విలువ. బాయిలో దిగేవాళ్ల హాజరు రాసే మస్టరు క్లర్కూ అదే గేటు దగ్గరే కూర్చుంటాడు. కానీ చేతిలో ఉండేది చెమ్మస్ కాదు, కలం. తలమీద బండ ఉండదు, ఫ్యాను ఉంటుంది. తండ్రి రోజూ చూసే తేడా ఇది. బిడ్డకు ఆ కుర్చీ దొరికితే చాలని ఆయన కోరుకోవడంలో ఆశ్చర్యమేముంది!

177 కుర్చీలు... లక్ష మంది

ఆ కుర్చీకి సింగరేణి పెట్టిన పేరు జూనియర్ అసిస్టెంట్ గ్రేడ్-2. 2022లో కంపెనీ బయటి అభ్యర్థుల కోసం 177 పోస్టులు ప్రకటించింది. లక్షకు దగ్గరగా దరఖాస్తులొచ్చాయి. లెక్కేస్తే ఒక్కో కుర్చీకి అయిదు వందల మందికి పైనే. సెప్టెంబరు 4న రాత పరీక్ష జరిగింది.

అర్హతలు చూడటానికి తేలికే. ఏదైనా డిగ్రీ ఉండాలి. దాంతోపాటు కంప్యూటర్ తెలిసినట్టు రుజువుండాలి. డిగ్రీలో కంప్యూటర్ ఒక సబ్జెక్టు కావాలి, లేదంటే విడిగా కోర్సు చేసిన సర్టిఫికెట్ కావాలి. వయసు 30 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అయిదేళ్ల సడలింపు. ఎంపిక రాత పరీక్షలో వచ్చిన మార్కులతోనే, ఇంటర్వ్యూ లేదు. పోస్టుల్లో పెద్ద వాటా గనులున్న పాత ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల వారిది.

చిక్కంతా ‘కంప్యూటర్ సర్టిఫికెట్’ దగ్గరే వస్తుంది. పని తెలుసు, కాగితం లేదు. నోటిఫికేషన్ పడ్డాక చేరితే కోర్సు గడువులోగా పూర్తికాదు. ఈ ఒక్క కాగితం లేక డిగ్రీ ఉండీ దరఖాస్తు చేయలేకపోవచ్చు. డిగ్రీ చదివే రోజుల్లోనే ఆ కోర్సు చేసి పెట్టుకోవడం తెలివైన పని.

ఇప్పటికే బదిలీ వర్కర్లుగా, జనరల్ మజ్దూర్లుగా ఉన్న చదువుకున్న యువకులకు మరో తలుపుంది. తన ఉద్యోగుల కోసం కంపెనీ వేరుగా అంతర్గత పరీక్ష పెడుతుంది. షిఫ్టు చేసి వచ్చి, బొగ్గు మసి కడుక్కుని, పుస్తకం పట్టేవాళ్లు ఈ తలుపు తెరుచుకునే రోజు కోసమే చూస్తుంటారు.

సర్కారు దారి

కంపెనీని మించిన పెద్ద దారి గ్రూప్-4. కలెక్టరేట్, తహసీల్, మున్సిపాలిటీ, ఖజానా... ఏ ఆఫీసులోనైనా ఫైలు మొదట చేరే జూనియర్ అసిస్టెంట్ బల్లకు ఇదే ప్రవేశద్వారం. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022 డిసెంబరు 1న దీనికి నోటిఫికేషన్ ఇచ్చింది. మార్పులు చేర్పుల తర్వాత పోస్టులు 8,180గా తేలాయి. సుమారు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులొచ్చాయి. 2023 జులై 1న పరీక్ష జరిగితే ఏడున్నర లక్షల మందికి పైగా రాశారు.

రెండు పేపర్లు. ఉదయం జనరల్ స్టడీస్, మధ్యాహ్నం సెక్రటేరియల్ ఎబిలిటీస్. ఒక్కోదానికి 150 మార్కులు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకు నిమిషం. తప్పు రాస్తే మార్కు కోయరు. రెండో పేపర్ పేరు చూసి చాలామంది జడుసుకుంటారు కానీ, అందులో ఉండేది ఆఫీసు గుమాస్తాకు రోజూ అక్కరకొచ్చే సరుకే. లెక్కలు, తర్కం, ఇచ్చిన పేరా చదివి అర్థం చేసుకోవడం, చెదిరిన వాక్యాలను వరస పెట్టడం. కనీస అర్హత మార్కులు ఓసీలకు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 30. ఇక్కడా ఇంటర్వ్యూ లేదు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2022 జులైలో వడపోత పరీక్ష, 2023 ఏప్రిల్‌లో మెయిన్స్ పెట్టి, ఆపైన కంప్యూటర్ పరీక్షా జరిపారు. తెలంగాణలో ఒక్క రోజులోనే తేలిపోతుంది. ఆ ఒక్క రోజు జ్వరమొచ్చినా, బస్సు తప్పినా అంతే సంగతులు!

ఇంటర్‌తోనే ప్రయత్నించాలనుకుంటే కేంద్రం పెట్టే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష ఉంది. దిగువ శ్రేణి గుమాస్తా పోస్టులకు వయసు 18 నుంచి 27. ఒకప్పుడు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉండే ప్రశ్నపత్రాన్ని తెలుగులోనూ ఇస్తామని 2023లో ప్రకటించారు. తెలుగు మీడియం పిల్లలకు ఇది చిన్న మేలేమీ కాదు. అయితే అక్కడ టైపింగ్ పరీక్ష కూడా గట్టెక్కాలి. ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాలు కొట్టాలి.

ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావు?

మందమర్రి లాంటి ఊళ్లో మార్కులంత విలువైనది మరొకటుంది. అదే స్థానికత. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానికులవే. జూనియర్ అసిస్టెంట్ జిల్లా స్థాయి పోస్టే. మరి స్థానికుడంటే ఎవరు? ఎక్కడ పుట్టాడు, ఎక్కడ ఉంటున్నాడు అన్నది లెక్క కాదు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు, అంటే కనీసం నాలుగేళ్లు, ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా వాడు. పాత ఉత్తర్వుల్లో పదో తరగతికి ముందు చదివిన ఏళ్లను చూసేవారు. ఆ లెక్కే ఇంకా చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉంది.

గని కార్మికుల కుటుంబాలకు ఇది గట్టి మెలిక. తండ్రికి మందమర్రి నుంచి గోదావరిఖనికి బదిలీ అయిందనుకుందాం. మధ్యలో ఒక్క గోదావరే అడ్డం. కానీ 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అవతలి ఒడ్డు పెద్దపల్లి జిల్లా, ఇవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా. మూడో తరగతికి అటు వెళ్లి, ఎనిమిదో తరగతికి మళ్లీ ఇటు వచ్చిన పిల్లవాడు ఊరంతా ‘మా పోరడే’ అన్నా, కమిషన్ కంప్యూటర్‌కు పెద్దపల్లి వాడే. ఇంటి ముందున్న మంచిర్యాల కలెక్టరేట్ పోస్టుకు స్థానికేతరుడు. కొత్తగూడెం, భూపాలపల్లి వెళ్లి వచ్చిన ఇళ్లలోనూ ఇదే కథ.

తండ్రి బదిలీ కాగితం మీద సంతకం పెట్టిన రోజున, రెండో తరగతి చదివే బిడ్డ కొలువు ఏ జిల్లాలో ఉంటుందన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

కాగితాల సంచి

మెరిట్ జాబితాలో పేరు చూసుకోగానే సంబరం చేసుకునేవాళ్లకు పెద్దలు చెప్పే మాట ఒకటుంది. ‘‘సంచి సర్దుకో.’’ గ్రూప్-4 సర్టిఫికెట్ల పరిశీలన 2024 జూన్‌లో హైదరాబాద్‌లో మొదలైంది. నాంపల్లిలోని కమిషన్ కార్యాలయంలోనూ, పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంలోనూ జరిగింది. పుట్టినతేదీకి పది మెమో. డిగ్రీ పట్టా. ఒకటి నుంచి ఏడు దాకా స్టడీ సర్టిఫికెట్లు. కుల ధ్రువీకరణ. బీసీలైతే నాన్ క్రీమీలేయర్ పత్రం. ఆర్థికంగా వెనకబడిన ఓసీలైతే ఈడబ్ల్యూఎస్ పత్రం.

ఇందులో తడబడేది ఎక్కువగా ఆడపిల్లలే. పెళ్లయ్యాక భర్త పేరుతో నాన్ క్రీమీలేయర్ తీసుకుంటారు. అది చెల్లదు. చూసేది తల్లిదండ్రుల స్థితిని. పత్రం తండ్రి పేరుతోనే ఉండాలి. మరో తంటా పాత ప్రైవేటు బడులతో. చదివిన బడి మూతపడితే సర్టిఫికెట్ ఇచ్చేవారెవరు? రికార్డు ఎక్కడుందో కనుక్కోవడానికి విద్యాశాఖ ఆఫీసుల చుట్టూ తిరగాలి. బిడ్డ ఏడో తరగతి పూర్తికాగానే ఆ ఏడు కాగితాలూ తీసి బీరువాలో పెట్టేస్తే ఈ తిప్పలుండవు. పెన్షన్ పత్రాల్లాగే అవీ ఇంటి ఆస్తే.

రెండేళ్ల మూడు రోజులు

2023 మార్చిలో కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో కొన్ని పరీక్షలు రద్దయ్యాయి. గ్రూప్-4 నిలిచింది కానీ, చదువుకునేవాళ్ల గుండె ఎంత దడదడలాడిందో చెప్పనక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో ర్యాంకులు, నవంబరులో తుది ఫలితాలు వచ్చాయి. డిసెంబరు 4న పెద్దపల్లిలో జరిగిన సభలో నియామక పత్రాలు అందాయి. నోటిఫికేషన్ నుంచి లెక్కేస్తే రెండేళ్ల మూడు రోజులు.

ఈ రెండేళ్లు ఒక ఇంట్లో ఎలా గడుస్తాయి? కోచింగ్ ఫీజు, గది అద్దె, చెల్లి పెళ్లి, తండ్రి రిటైర్మెంట్. ప్రైవేటు ఉద్యోగంలో చేరితే చదువు సాగదు, చేరకపోతే చుట్టాల నోరు ఆగదు. వయోపరిమితి గ్రూప్-4కు 44 ఏళ్లు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం దాన్ని రెండేళ్ల పాటు 46కు పెంచింది. గడువు పెరిగిందని సంతోషించాలో, ఎదురుచూపు పెరిగిందని దిగులుపడాలో తెలియదు. దూరం చూసి నడిచేవాళ్లు తమకు తామే ఒక గీత గీసుకుంటారు. ఇన్ని ప్రయత్నాలు, ఇన్నేళ్లు, ఆపైన మరో దారి. ఆ గీతను ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే మాట్లాడుకుంటే, తర్వాత ఒకరినొకరు దెప్పుకునే పని ఉండదు.

కుర్చీ ఎక్కాక

ఇంత కష్టపడి ఎక్కిన కుర్చీ సింహాసనమేమీ కాదు. తపాలు విప్పాలి. ఇన్‌వర్డు నంబరు వేయాలి. పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించాలి. ఫైలు నడపాలి. పైకి ఎదగాలంటే శాఖాపరమైన పరీక్షలూ పాసవ్వాలి. పరీక్షలకు ముగింపు లేదన్నమాట!

అయినా ఆ బల్ల ముందుకొచ్చి నిలబడేదెవరు? వితంతు పింఛను కోసం వచ్చిన అవ్వ. కుల పత్రం కోసం వచ్చిన పిల్లవాడు. స్టడీ సర్టిఫికెట్ దొరక్క తిరిగి తిరిగి వచ్చిన ఆడపిల్ల. రెండేళ్లు కాగితాల సంచి మోసినవాళ్లకు ఆ చేతుల్లోని కాగితం బరువెంతో తెలుసు.

సాయంత్రం మందమర్రిలో షిఫ్టు దిగుతుంది. పాత బస్టాండు దగ్గర మంచిర్యాల బస్సు ఆగుతుంది. బాయి నుంచి వచ్చిన బాపు, బస్సు దిగిన బిడ్డ ఒకే దారిలో ఇంటికి నడుస్తారు. ఆయన సంచి ఖాళీ అయింది. ఆమె సంచి ఇంకా బరువుగానే ఉంది.

‘‘ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట’’ అంటాడాయన.

షిఫ్టు చేసొచ్చిన మనిషికి ఎలా ఇస్తుంది? ‘‘నడు బాపూ, ఇంకెంత దూరం’’ అని తనే మోస్తుంది.

ఇంటికొచ్చాక టీవీ పెట్టకముందే, ఆయన మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు.