దూది మింగిన దారం

మన సామెతల్లో పిల్లికి మంచి పేరు లేదు. ఎదురొస్తే అపశకునం. కళ్ళు మూసుకుని పాలు తాగితే కపటం. పాపం, శాపం పెట్టినా ఉట్టి తెగదు! ఇక పశువుల ఆస్పత్రి అంటే మనకి గుర్తొచ్చేవి ఆవులూ, గేదెలూ, మేకలూ. పాలిచ్చేదానికీ, దుక్కి దున్నేదానికీ వైద్యం చేయిస్తే ఎవరూ ఏమీ అనరు. పిల్లికి చేయిస్తానంటే మాత్రం నవ్వుతారు. ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో మీరే చెప్పాలి.

మనిషికీ పిల్లికీ స్నేహం నిన్న మొన్నటిది కాదు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధి ఒకటి తవ్వితే, మనిషి పక్కనే పిల్లి ఎముకలూ కనబడ్డాయని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించేరు. మనిషి ధాన్యం దాచుకున్నాడు, ధాన్యం కోసం ఎలక వచ్చింది, ఎలక కోసం పిల్లి వచ్చింది. అంతే కథ.

మా ఇల్లు పొందూరు. మా ఇంట్లో ధాన్యం గాదె లేదు గాని, మామ్మ ఏకులున్నాయి. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద సన్న నూలు వడకడం మామ్మకి చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య. ఆ పత్తి కోసం ఎలకలు, ఆ ఎలకల కోసం దూది. దూది అంటే మా పిల్లి. పదకొండేళ్ళది.

మొన్న వేసవి సెలవుల్లో దూది తిండి మానేసింది. మంచం కిందికి దూరిపోయింది. నీళ్ళు తాగినా కక్కేస్తోంది.

"ఏటి బాబూ, దీనికేటైనాది? రెండ్రోజులై బువ్వ ముట్నేదు" అంది మామ్మ.

నాన్న "ముసలిదైపోయింది" అని తేల్చేసేడు. పక్కింటి మావయ్య జొరం బిళ్ళ సగం విరిచి పట్టుకొచ్చేడు. నేను వద్దన్నాను. మనకి జ్వరం తగ్గించే పారాసిటమాలు పిల్లికి విషం. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. రక్తం ప్రాణవాయువుని మోయలేని స్థితికొస్తుంది. ఒక్క బిళ్ళ చాలు, ప్రాణం పోడానికి. మా క్లాసుమేటు ఒకడు పశువైద్యం చదువుతున్నాడు గనక నాకీ సంగతి తెలుసు. వాడికి ఫోను చేస్తే "పిల్లి రోజుల తరబడి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కాలేయానికి పట్టేస్తుంది, ఆలస్యం చెయ్యకు, గరివిడి తీసుకెళ్ళు" అన్నాడు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కదా!

మామ్మ కొంగుముడి విప్పి, నూలు డబ్బులు నా చేతిలో పెట్టింది. నాన్న ఏదో అనబోయి ఊరుకున్నాడు.

దూదిని మూతబుట్టలో పెట్టి పాసింజరెక్కేను. సిగడాం దాటేక లోపల్నించి ఒక్క మూలుగు వినబడింది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ఉలిక్కిపడి, "ఎదురొచ్చిన పిల్లిని సూసేను గాని నాయనా, రైల్లో పక్కన కూకున్న పిల్లిని ఇప్పుడే సూస్తన్నాను" అంది. పెట్టంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చీపురుపల్లి వచ్చేసరికి ఆ మూలుగు కూడా ఆగిపోయింది.

గరివిడిలో డాక్టరమ్మ ఒంటి వేడి చూసింది, మెడ మీద చర్మం లాగి వదిలి చూసింది. అది వెంటనే వెనక్కి వెళ్ళలేదు. ఒంట్లో నీరు తగ్గిపోయిందన్నమాట. తర్వాత నోరు తెరిచి, నాలుక ఎత్తి, కింద చూసింది.

"మీ ఇంట్లో కుట్టుమిషనుందా?"

"రాట్నం ఉందండీ."

నాలుక మొదట్లో సన్నటి తెల్లగీత. మామ్మ వడికిన నూలు! పిల్లి నాలుక మీది ముళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి. నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మడం దాని చేతకాదు, మింగడమే. ఒక కొస నాలుకకి చిక్కుకుంటే, రెండో కొస పేగులోకి దిగుతుంది. పేగు ఆ దారం మీదికి చీర కుచ్చిళ్ళలా ముడుచుకుపోతుంది. ఆఖరికి దారం పేగుని కోసేస్తుంది. బయటికి కనిపిస్తోంది కదా అని లాగితే అంతే సంగతులు.

"ఆపరేషను చెయ్యాలి. వయసైంది, మత్తుకి తట్టుకుంటుందని గట్టిగా చెప్పలేను" అందావిడ.

మామ్మకి ఫోను చేసేను. చాలాసేపు మాట లేదు. "నా దారవేనా?" అంది. మళ్ళీ కాసేపటికి "సేయించు బాబూ" అంది.

విద్యార్థులు చుట్టూ నిలబడి చూస్తూ ఉంటే, దారం తీసి, దారంతోనే కుట్టేరు. సాయంత్రానికి దూది కళ్ళు తెరిచింది. నాలుగో రోజున గంజినీళ్ళలాంటి మెత్తటి తిండి నాకింది. వారం తిరక్కుండా ఇల్లు చేరింది.

ఇప్పుడు మా ఇంట్లో తెగిన దారప్పోగులన్నీ మూతడబ్బాలోకి వెళ్తున్నాయి. దూది బాగానే ఉంది గాని, మునుపటిలా ఎలకల వెంట పడడంలేదు. మొన్న నాన్న, "అంత ఖర్చూ పెట్టి బతికించేం. ఎలకల్ని పట్టదు, ఏటి లాభం?" అన్నాడు నవ్వుతూ.

మామ్మ రాట్నం ఆపింది. చూపు ఆనక, ఈమధ్య రోజుకి ఒక చిలప నూలు కూడా తియ్యలేకపోతోంది.

"నాను మాత్రం ఎంత వడుకుతన్నాన్రా?" అంది.

నాన్న మరి మాట్లాడలేదు.